సత్రమునకు ఆన్‌లైన్ బుకింగు: ముందుగా తేల్చుకొనవలసిన సంగతులు



శ్రీశైలమందలి మన సత్రమునకు ఆన్‌లైన్ బుకింగు ఏర్పఱుపదలచిన కార్యవర్గమువారు ఆ విషయమై మాటలాడుడని మమ్ము కోరిరి. మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములవారికి శ్రీశైలము పొరుగూరివంటిది. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, దోర్నాల మీదుగా నల్లమల నెక్కిపోవు యాత్రికులను మనము చిన్ననాటినుండి చూచుచున్నవారమే. కావున ఈ యేర్పాటునకు నియమములు సాఫ్ట్‌వేరు కంపెనీవారికి విడువక మనమే నిర్ణయించుట యుక్తము.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో విమానపు సీట్లను కంప్యూటరుచే కేటాయించు పద్ధతి 1960 ప్రాంతముల వెలసినది. మన రైల్వేవారు 1985లో ఢిల్లీయందు కంప్యూటరు రిజర్వేషను నారంభించి, 2002లో ఆన్‌లైన్ టిక్కెట్టును ప్రవేశపెట్టిరి. వీనికెల్ల ఆధారము ఒక్కటే ఖాతా. మన సత్రమునకో, మేనేజరు రిజిస్టరొకటి, కార్యదర్శిగారి ఫోనొకటి, పోషకుల సిఫారసు ఉత్తరమొకటి, మూడు ద్వారములు. ఒకే గది ఇరువురికి వాగ్దానమగుట యిందువలననే. ఈ మూడింటిని ఒక ఖాతాలోనికి చేర్పక వెబ్‌సైటును నాలుగవ ద్వారముగా తెఱచితిమా, తగవులు హెచ్చును.

పట్టణపు హోటలుకు లేని చిక్కు మనకొకటి కలదు. దోర్నాల అటవీ గేటు రాత్రి 9 గంటలకు మూయుదురు. మరల తెఱచుట ఉదయము 6 గంటలకే. హైదరాబాదు మార్గమున మన్ననూరువద్దను ఇట్టి నిర్బంధమే. తొమ్మిదికి గేటు దాటినవారికి ఘాటురోడ్డున గంటన్నర పట్టవచ్చును. కాబట్టి 11 గంటలవఱకు గదిని నిలిపియుంచి, అటుపిమ్మట వరండాలో వేచియున్నవారి కీయవలెను. గేటువద్ద చిక్కుపడి ఫోను చేసినవారి సొమ్ము మఱునాటికి జమకట్టవలెను. ఫోను చేయనివారికి ఆ సౌకర్యము వలదు. పండ్రెండు గంటల లెక్కతో తయారైన సరకు కొనితెచ్చుకొన్నచో ఈ సంగతి యందులో నుండదు.

అతిథి యనగా తిథినియమము లేక వచ్చువాడని పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి. ఆన్‌లైన్ బుకింగో, మొట్టమొదట తిథినే యడుగును! సెల్‌ఫోను వాడుట యెఱుగని వృద్ధదంపతులు పల్లెనుండి చేతిసంచితో దిగినప్పుడు, గదులన్నియు నిండినవని తెరను చూపుట మనకు తగునా? గదులలో నాలుగవవంతు నేరుగా వచ్చువారికై విడిచిపెట్టవలెనని మా యభిప్రాయము. ఆదాయము కొంత తగ్గును; తగ్గనిండు.

ఇక దాతల గదుల మాట. ఇది దాతల యెదుట చెప్పుటకు కొంత సంకోచము కలుగుచున్నది. గది కట్టించినవారికి ఏటేట కొన్ని దినముల హక్కు న్యాయమే. కాని మహాశివరాత్రినాడును, కార్తిక సోమవారములందును, ఉగాదికి కన్నడదేశమునుండి జనము తరలివచ్చు దినములందును, దాత రానిగది తాళముతో నుండగా చంటిబిడ్డల తల్లులు వరండాలో పడుకొనుచున్నారు. దాతలు తమ దినములను 15 రోజులు ముందుగా తెలుపుదురు గాక. తెలుపనిచో ఆ గది సర్వజనులకు తెఱవబడు గాక. ద్వారముమీది నామఫలక మెక్కడికిని పోదు. ఇది పోషకులు సమ్మతించిననే గాని జరుగదు. వారి సమ్మతి లేక ఎంత వ్యయపఱచి వెబ్‌సైటు కట్టించినను, అందులో సగము గదులు కనబడనే కనబడవు.

రొక్కము యూపీఐ ద్వారా పుచ్చుకొనవచ్చును. రశీదు తెలుగున నుండవలెను. ఆధారు ప్రతులను బీరువాలో పేర్చు నలవాటు మానవలెను. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో చట్టమే వచ్చినది. కొండమీద నెట్‌వర్కు పోవుట కలదు గనుక, ప్రతి సాయంకాలము మఱునాటి పట్టికను కాగితముపై అచ్చువేయించి మేనేజరు బల్లపై నుంచవలెను.

మొదట పది గదులతో, రద్దీలేని మాసమున పరీక్షించి, కార్తికమునకు ముందు తక్కినవి చేర్పవచ్చును. దాతల గదులను గూర్చిన తీర్మానము మాత్రము నేటి మధ్యాహ్నపు సమావేశమున చర్చకు వచ్చుచున్నది. పోషకులు భోజనానంతరము వెడలిపోక కూర్చుండవలెనని వేడుచున్నాము.