సముద్రం విడిచిన సున్నపురాయి

కోస్తా జిల్లాల లెక్కలో చేరినా సముద్రపు గాలి సోకని పల్నాడులో, గురజాల చుట్టుపక్కల పొలాల కింద పొరలుపొరలుగా కనిపించే నాపరాయి, అనేక కోట్ల ఏళ్ల కిందట ఈ నేలను కప్పిన లోతులేని సముద్రంలో సున్నపు బురద పేరుకుని గట్టిపడగా ఏర్పడిన శిల. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ప్రాచీన నిక్షేప ప్రాంతంలో ఇది ఒక భాగం. వాననీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు సున్నపురాయిని మెల్లగా తినివేయడం వల్ల గుహలు పుడతాయి. పిడుగురాళ్ల సమీపంలోని గుత్తికొండ బిలం అటువంటిదే. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ ముడిసరుకు ఈ రాయే.

పడమట నల్లమల అంచున చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి ఎత్తిపోతల వద్ద దూకి, కృష్ణలో కలుస్తుంది. అక్కడి మడుగులో మగ్గర్ అనే మంచినీటి మొసళ్లున్నాయి. ఆ పైనున్న నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, దేశంలోకెల్లా విశాలమైన పులుల రక్షిత ప్రాంతం, పెద్దపులికీ చిరుతకూ ఎలుగుబంటికీ కణితికీ ఆవాసం. అదే కృష్ణ హంసలదీవి వద్ద కడలిని చేరే చోట, ఉప్పునీటి బురదలో ఊపిరి వేళ్లు పైకి చాచే మడ అడవుల్లో చేపలు వేటాడే బావురుపిల్లి తిరుగుతుంది.