పండుగ సడలింపులు – మన కర్తవ్యము
(కుమ్మర మహాసభ రెండవదినమున గావింపబడిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, సంఘనిధిని గూర్చియు నాకంటె సమర్థులు ఇంతకుముందే ప్రసంగించిరి. నేను సారె త్రిప్పి బ్రతికినవాడను. కావున మన బ్రతుకుతెరువునకు సంబంధించిన ఒక్క విషయమునే మీకు విన్నవింపదలచితిని. పెద్దపండుగ వచ్చినప్పుడు నగరపాలకులు తమ నిబంధనలను కొన్నిదినములు సడలించుట మీ రెల్లరు నెరిగినదే. ఆ సడలింపు ఎట్లుండవలెను? దానియెడల మన కర్తవ్యమేమి? ఇదియే నా ప్రసంగవిషయము.

సడలింపు తప్పని నేననను. హైదరాబాదు నగరమున వినాయక నవరాత్రులలో వీధివీధిని పందిళ్లు వెలయును. నిమజ్జనదినమున పెద్దబాటలలో బండ్ల రాకపోకలు మళ్లింపబడును. ఇటీవలి సంవత్సరములలో మెట్రోరైళ్లు సైతము మామూలువేళ దాటిన పిదపను నడిచినవి. ఇవి లేనిచో అంతటి జనసమూహము క్షేమముగా ఇల్లు చేరుట యెట్లు? మనమాట చెప్పుకొందము. ఆషాఢమున బోనముకుండలు, దీపావళికి ప్రమిదలు బాటప్రక్కన పరచుకొని అమ్ముకొను మన ఆడుబిడ్డలు ఏ ధైర్యమున కూర్చుండుచున్నారు? పండుగదినములు గదాయని అధికారులు చూచి చూడనట్లు ఊరకుండుటచేతనే గదా! సడలింపు వలన బ్రతుకువారిలో మనమును ఒకరము. కనుక దానిని నిందించు హక్కు మనకు లేదు. అది ఏ రీతిగా నుండవలెనో చెప్పు హక్కు మాత్రము కలదు.

మంచి సడలింపున కొక యుదాహరణము చెప్పెదను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములనుబట్టి రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బహిరంగస్థలములలో లౌడ్‌స్పీకర్లు మ్రోగింపరాదు. అయినను పండుగలకొరకు ప్రభుత్వము ఆ వేళను అర్ధరాత్రి 12 గంటలవరకు పొడిగింపవచ్చునని తరువాత చేర్చిరి. అట్టి దినములన్నియు కలిపి సంవత్సరమునకు 15 మించరాదు. 2005లో సుప్రీంకోర్టు ఈ వెసులుబాటు చెల్లునని తీర్పుచెప్పెను. ఆ దినము లేవో ముందుగానే ప్రకటింపవలెనని 2010లో మరియొక సవరణ జరిగెను. ఇందు మూడు గుణములు గలవు. దినములకు లెక్కయున్నది. ఆపవలసిన వేళయున్నది. ముందుమాటయున్నది. రోగి యింటివారికిని, భజనమండలివారికిని ఆ మూడును ఒక్కరీతిగా ఉపకరించును.

ఇక రెండవవిధమైన సడలింపును చూడుడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు చెరువులను చెరచుచున్నవని అందరు నెరుగుదురు. కేంద్ర కాలుష్యనియంత్రణ మండలివారు విగ్రహ నిమజ్జనమును గూర్చి 2010లోనే మార్గదర్శకములు వెలువరించిరి. 2020 మే మాసమున వానిని సవరించి ప్లాస్టర్ విగ్రహములను నిషేధించిరి. కోవిడ్ మహమ్మారి కాలమగుటచే ఆ మాసముననే నిషేధమును ఒక సంవత్సరము వాయిదావేసిరి. 2021లో వినాయకచవితి సెప్టెంబరు 10వ తేదీన వచ్చెను. దానికి ముందుదినమున, అనగా 9వ తేదీన, హుస్సేన్‌సాగరమున ప్లాస్టర్ విగ్రహములను నిమజ్జనము చేయరాదని తెలంగాణ హైకోర్టు ఆజ్ఞాపించెను. అప్పటికే విగ్రహములు పందిళ్లలో కూర్చున్నవి. మహానగరపాలక సంస్థవారు సుప్రీంకోర్టు నాశ్రయింపగా, ఆ యొక్క సంవత్సరమునకు మాత్రము, కడపటి అవకాశముగా, 16వ తేదీన అనుమతి లభించెను. 19వ తేదీన నిమజ్జనము జరిగిపోయెను. పదిదినములలో నిషేధము, ప్రార్థన, సడలింపు, నిమజ్జనము! ఇందు న్యాయస్థానములను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. సంవత్సరము పొడుగునను జరుగవలసిన పని పదిదినములలోనికి త్రోయబడినప్పుడు ఎవరు మాత్రమేమి చేయగలరు?

ఈ యాలస్యముచే నష్టపడువా డెవడని యడిగినచో, మట్టివాడే. కారణము చిత్తగింపుడు. మట్టి విగ్రహమునకు కాలము కావలెను. చైత్రవైశాఖములలో చెరువెండినప్పుడే మట్టి యెత్తవలెను. దానిని నానవేసి, త్రొక్కి, రాళ్లేరి, పీచు కలిపి, మలచి, నీడను ఆరబెట్టవలెను. ఎండకు పెట్టిన పగులును. శ్రావణపు ముసురులో ఎన్నిదినములకును ఆరదు. ప్లాస్టరన్ననో, జిప్సమును కాల్చి పొడిచేసిన సరకు. నీరుపోసి అచ్చున నించిన అరగంటలోపలనే గట్టిపడును. ఒకే అచ్చున పదులకొలది విగ్రహములు దిగును. కావున నిబంధన ముందుగా తెలిసిన మట్టివానికి మేలు. సడలింపు కడపట వచ్చిన ప్లాస్టరువానికి మేలు. ఆలస్యపు సడలింపు ఇరుపక్షములకు సమానమని తలచుట పొరపాటు.

మా యింటి సంగతియే విన్నవించెదను. ప్లాస్టరునకు ఇక సెలవని పత్రికలలో చదివి, మా తమ్ముడు ఒక పట్టణమున మట్టినే నమ్ముకొని, అప్పుతెచ్చి పాక వేసి, వేసవినుండియు పనిచేసెను. పండుగకు కొన్నిదినములముందు ఈయేటికి చూచి చూడనట్లు పోనిండని ఆ యూర మాట పుట్టెను. ప్రక్క అంగడిలో రంగురంగుల ప్లాస్టర్ విగ్రహములు చౌకగా అమ్ముడుపోయినవి. మా తమ్ముని విగ్రహములలో సగము మిగిలినవి. వానిని తిరిగి నీట నానవేయుచు అతడు నాతో, "అన్నా! మాట వినినందుకు నాకు జుల్మానా పడినది" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆ మాటయే నన్ను నేడీ వేదిక యెక్కించినది.

ప్లాస్టరు పోయువారిని ద్వేషింపుడని నేను చెప్పుటలేదు. వారును అప్పుచేసి పొట్టపోసికొను పేదలే. వారిలో మన కులపు యువకులును గలరు. వారి సరకును ముందుమాటలేక పండుగ వాకిట ఆపుటయు అన్యాయమే. అందుచే మొదటియేట ఇచ్చిన గడువును నేను తప్పనను. గడువిచ్చి, ఆ గడువులో పని నేర్పక, పాకలు వేయక, మట్టి చూపక, మరల పండుగనాటికి గడువే వెదకుట తప్పు.

నిన్న కొందరు సోదరులు, మనమును పెద్దలయొద్దకు రాయబారము పంపి మనకు కావలసిన మినహాయింపులు తెచ్చుకొందమని పలికిరి. వారి యావేదన నాకు తెలియును. కాని పలుకుబడిచే తెచ్చుకొన్న మినహాయింపును, మనకంటె ఎక్కువ పలుకుబడి గలవాడు మరునాడు లాగికొనును. కావున ఈ మహాసభ మూడు కోరికలను తీర్మానించుగాక యని ప్రార్థించుచున్నాను.

మొదటిది: ఏ పండుగకు ఏ నిబంధన ఎన్నిదినములు, ఏయే వీధులలో, ఏ చెరువునొద్ద సడలునో ఉగాదిలోపల ప్రకటింపవలెను. తరువాత మార్చరాదు.

రెండవది: ఆ ప్రకటనముననే మట్టి యెత్తుకొనుటకు చెరువును, విగ్రహములు ఆరుటకు నీడగల స్థలమును చూపవలెను.

మూడవది: పండుగ అంగళ్లకు చోటును అధికారి దయకు విడువక పట్టణ విక్రయకమిటీలో నిర్ణయింపవలెను. 2014 చట్టముచే ఆ కమిటీలలో వీధివర్తకుల ప్రతినిధులకు నూటికి 40కి తక్కువకాని స్థానములు గలవు. మనవారు ఆ యెన్నికలలో నిలువవలెను.

అడుగువారము ఇచ్చువారమును కావలెను. మన పందిళ్లలో అర్ధరాత్రికి మైకు ఆగవలెను. పండుగ ముగిసిన మరునాడే మనము కూర్చున్న బాటను ఊడ్చి నగరమునకు అప్పగింపవలెను. మన కులపు పందిట మట్టిమూర్తి తప్ప మరియొకటి కూర్చుండరాదు. ఇవి ఎవరి యనుమతియు లేకయే ఈయేటినుండి చేయదగినవి.

సోదరులారా! మనము మలచిన మూర్తి చెరువుమట్టినుండి పుట్టి, పూజలందుకొని, దినములు నిండిన పిదప ఆ చెరువులోనే కరగిపోవును. పండుగకొరకిచ్చిన సడలింపును అట్లే దినములు నిండగానే కరగిపోవలెను. ప్లాస్టరువలె నీటియడుగున మిగిలి మరుసటియేటికి అడ్డుపడరాదు. ఈ మాటను నగరపాలకులకు చెప్పుటకు మట్టినెరిగిన మనకంటె తగినవారెవరు?