రందిని కాగితం మీద పెడదాం
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, కిస్తీలు ఎంతవరకు కట్టినం అనేది ఇప్పటిదాకా విన్నరు. ఏ లెక్కలోనూ రాయనిది ఇంకొకటి ఉంది. అది మన రంది. దాని గురించి రెండు మాటలు చెప్తా.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నరు. మా ఇంటాయన పని అక్కడ కాదు, అదే ఏరియాలో ఇంకో కంపెనీ. ఆ రోజు చాలాసేపు ఆయన ఫోన్ కలవలేదు. సాయంత్రం మనిషి క్షేమంగా ఇంటికి వచ్చిండు. కానీ నా భయం పోలేదు. నైట్ షిఫ్టు ఉన్నన్ని రోజులు నాకూ నిద్ర లేదు. అంబులెన్స్ సప్పుడు వింటే గుండె దడదడ. పేలుడు వీడియోలే మళ్లా మళ్లా చూసేదాన్ని. ఆయనకేమన్నా అయితే కిస్తీ ఎట్ల, పిల్లల ఫీజు ఎట్ల అని ఒకదాని వెనక ఒకటి ఆలోచనలు.

"ఎక్కువ ఆలోచించకు" అని అందరూ చెప్పిన్రు. ఆలోచన నేను పిలిస్తే వచ్చిందా, పొమ్మంటే పోవడానికి?

ఒక మీటింగ్‌లో మా లీడరక్క నా మొఖం చూసి అడిగింది. ఏడ్చుకుంటూ అంతా చెప్పిన. ఆమె ఒక కాగితం తీసి నడిమిట్ల గీత గీసింది. "మన చేతుల లేనిది ఇటు, ఉన్నది అటు రాద్దాం" అన్నది. ఇటు ఒక్కటే వచ్చింది: ప్రమాదం జరుగుతదా లేదా. అటు నాలుగు వచ్చినయి. ఈఎస్ఐ కార్డు ఎక్కడుందో చూసుకోవాలి, అందులో నా పేరు, పిల్లల పేర్లు ఉన్నయా అడగాలి. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్ష బీమాకు బ్యాంకులో ఫారం ఇయ్యాలి. ఆయనతో పనిచేసే ఇద్దరి ఫోన్ నంబర్లు రాసుకోవాలి. షిఫ్టు ఎక్కంగనే, దిగంగనే ఆయన నాకు ఒక మిస్డ్ కాల్ ఇయ్యాలి. ఏ పని ఎన్నడు చేయాలో తారీఖు కూడా రాసినం.

పూర్తిగా రంది పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఒక్కోరాత్రి మెలకువ వస్తది. అప్పుడు ఫోన్ ముట్టను. మెల్లగా ఊపిరి తీసుకొని, అంతకంటే మెల్లగా వదులుతా. చేయాల్సింది చేసినం కదా అని ఆ కాగితం గుర్తు చేసుకుంటా.

మన కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో 15,660 ఇండ్లు. 2023 జూన్‌లో ప్రారంభమైనయి. బస్తీలో ఉన్నప్పుడు గడప దాటితే నలుగురు పలకరించేటోళ్లు. ఇక్కడ లిఫ్టు దిగి తలుపు వేసుకుంటే ఎవరి రంది వాళ్లదే. ఒంటరిగా ఉన్నకాడనే అది పెరుగుతది.

అందుకే నాది ఒక్క ప్రతిపాదన. ప్రతి మీటింగ్‌లో పొదుపు వసూలైనంక పది నిమిషాలు దీనికి పెడదాం. చెప్పుకున్న మాట సంఘం గడప దాటొద్దు.

ఇంకొక మాట. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని సక్కగ లేకపోతే అది జబ్బు కావచ్చు, సిగ్గుపడేది కాదు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు. పైసలు పడవు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడుతరు. బతకాలని లేదని ఎవరన్నా అంటే రెండు వారాలు ఆగొద్దు. ఆ క్షణమే పక్కన కూసోండి, ఆ నంబరు మీరే కలపండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తోడు పోండి.

అప్పుకు ఒకరికొకరం జామీను ఉంటున్నం. రందికి కూడా ఉందాం. సెలవు.