పత్రికారచనకు పట్టము వలయునా?

(పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



పోయిన మాసము ఈ పఠనమందిరమునకు నిత్యము వచ్చు యువకుడొకడు తండ్రితో గూడ మాయింటికి వచ్చెను. బి. ఏ. ముగిసినది. వారపత్రికల, మాసపత్రికల రచన నేర్చుటకై విదేశమునకేగి ఎం. ఏ. చదువవలెనని ఆతని కోరిక. "పత్రికలే మూతపడుచుండగా పత్రికల చదువేమిటండీ?" అని తండ్రి యడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఈ సాయంకాలపు ప్రసంగమే నా సమాధానమని యెంచుడు.

తండ్రిమాట త్రోసివేయదగినది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన భారతి 1991లో నిలిచిపోయెను. దాని చోటు నిండినట్లు నాకు తోచదు. మఱియు మన పెద్దలు ఈ విద్యకై కళాశాలకేగినవారు కారు. 1907 మొదలు 1945 వఱకు కృష్ణాపత్రికను నడిపిన ముట్నూరి కృష్ణారావుగారికి సంపాదకత్వము నేర్పిన కళాశాల యేది? ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ వెలసినది 1954లో.

అట్లయిన ఈ చదువు తీరికగల పండితుల కల్పనయందురా? వేల్సు దేశమందలి కార్డిఫ్ నగరపు విశ్వవిద్యాలయ కళాశాలలో, పట్టభద్రులకు ఈ విద్య నేర్పు కేంద్రమును 1970లో నెలకొల్పినవాడు టామ్ హాప్కిన్సన్. అప్పటికి ఆయనకు అఱువదియైదేండ్లు. జీవితమంతయు సంపాదకుల బల్లయొద్ద గడపినవాడు.

1938లో లండనున పుట్టిన పిక్చర్ పోస్ట్ అను సచిత్ర వారపత్రికకు 1940 మొదలు పదేండ్లు ఆయనయే సంపాదకుడు. 1941 జనవరిలో, నగరములపై బాంబులు పడుచుండగనే, యుద్ధము ముగిసిన పిమ్మట బ్రిటను ఎట్లుండవలెనను విషయమునకు ఆ పత్రిక ఒక ప్రత్యేక సంచికను కేటాయించెను. దినపత్రికలు గతరాత్రి నష్టమును లెక్కించుచుండగా ఇది ఉద్యోగములను, ఇండ్లను, వైద్యమును, విద్యను గూర్చి మాటలాడెను. వారపత్రిక ధర్మమిట్టిది. ఆలసించి వచ్చుటయే దాని బలము.

1950లో జేమ్స్ కామెరాన్ అను విలేఖరియు, బర్ట్ హార్డీ అను ఛాయాగ్రాహకుడును ఆ పత్రిక పక్షమున కొరియా యుద్ధమునకేగిరి. దక్షిణ కొరియా ప్రభుత్వము తన రాజకీయ ఖైదీలను పెట్టుచున్న బాధను కన్నులార చూచి, వ్రాసి, ఛాయాచిత్రములు తీసిరి. బ్రిటిషు సైనికులు ఆ ప్రభుత్వము పక్షముననే పోరాడుచుండిరి! ఆ వ్యాసము వలదని యజమాని ఎడ్వర్డ్ హల్టన్ శాసించెను. హాప్కిన్సన్ అంగీకరింపలేదు, ఆయన ఉద్యోగము పోయెను. పత్రికయు 1957లో మూతపడెను. ఆ పిమ్మట ఆయన దక్షిణాఫ్రికాలో డ్రమ్ అను పత్రికను నడపెను. ఆఫ్రికా పాత్రికేయులకు శిక్షణ యిచ్చెను. తుదకు కార్డిఫ్ చేరెను. తన పత్రిక చచ్చుట చూచినవాడే ఈ పాఠశాల పెట్టెనని ఆ తండ్రికి మనవి చేసితిని.

ఇక నా సంగతి. ఇరువదిరెండేండ్ల ప్రాయమున ఒక వారపత్రికలో చేరితిని. నేర్పువారు లేరు. ఒక గ్రామ సహకార సంఘపు కార్యదర్శి సొమ్ము అపహరించెనని, వినికిడిమీద, పేరుతో సహా వ్రాసితిని. లెక్కలు చూడలేదు, ఆయన నడుగలేదు. లెక్కలు సరిగనే యుండెనని పిదప తేలినది. మరుసటి వారము పుట యడుగున రెండు పంక్తుల సవరణ వేసితిమి. దాని నెందఱు చదివిరో! ఆయన ఆ యేడే పదవి వదలుకొనెను. నేను పని నేర్చుకొంటిని. రుసుము చెల్లించినది ఆయన.

తరగతిలో నట్టి వ్రాతను గురువు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. మార్కులు పోవును, ఎవరి పరువును పోదు. ఆ యేడాదిలో పరువునష్టపు చట్టము, ప్రశ్నించు తీరు, శీర్షిక, పుటల కూర్పు నేర్పుదురు. నేడు అంతర్జాలపు పనియు నేర్పుదురు. విద్యార్థులు కలిసి ఒక పత్రికను ఊహించి, పాఠకు లెవరో, వెల యెంతయో నిర్ణయించి, మొదటి పుట మొదలు కడపటి పుట వఱకు తామే నింపుదురు. నాకైన ఇది తక్కిన పాఠములకంటె విలువైనదిగ తోచుచున్నది. తెలుగు వాక్యము మాత్రము అచ్చట దొరకదు. అది ఈ మందిరమందలి బీరువాలలోనే వెదకుకొనవలెను.

పత్రికను చేయింపని చోట, సంపాదకత్వము నెఱపినవారు గురువులుగ లేని చోట చేరవద్దని అబ్బాయికి చెప్పితిని. ఇల్లు తాకట్టుపెట్టి పోవద్దనియు చెప్పితిని. తండ్రి కాగితము తీసి ఫీజు, ప్రయాణము, బస వ్రాసికొనెను. ఆ లెక్క వారింట నింకను నడుచుచున్నది.