ఏ సిరీస్ గేమ్‌గా వస్తే ఆడతాం? అమృతం నుంచి డార్క్ దాకా

సిరీస్ చూస్తూ మనమంతా ఎప్పుడో ఒకప్పుడు స్క్రీన్ వైపు చూసి అరిచే ఉంటాం: "ఒరేయ్, ఆ తలుపు తీయకురా!" అని. వాడు తీస్తాడు. మనం తల పట్టుకుంటాం. స్టోరీ గేమ్ అంటే సింపుల్‌గా ఇదే, ఆ తలుపు తీయాలా వద్దా అనేది మీ చేతిలో ఉంటుంది. గన్ స్పీడ్‌గా పేల్చడం కాదు, ఎవరితో ఏం మాట్లాడాలి, ఎవరిని నమ్మాలి అన్నదే ఆట. మరి మనం చూసే షోలలో ఏవి ఇలాంటి గేమ్‌కి సెట్ అవుతాయి? ఈ రోజు టాపిక్ అదే. స్పాయిలర్లు వీలైనంత తక్కువ చెప్తాను.

ముందు కొంచెం హిస్టరీ. ఈ టైప్ గేమ్స్‌ని జనాల్లోకి తీసుకెళ్లింది టెల్‌టేల్ అనే అమెరికన్ కంపెనీ. 2012లో వాళ్ల 'ద వాకింగ్ డెడ్' 5 ఎపిసోడ్లుగా వచ్చింది. చాలామంది అది టీవీ షో ఆధారంగా తీశారనుకుంటారు, కానీ దాని మూలం కామిక్స్. అందులో రిక్ హీరో కాదు. లీ అనే కొత్త మనిషి, వాడి చెయ్యి పట్టుకుని నడిచే క్లెమెంటైన్ అనే చిన్న పాప. తర్వాత 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చేసినప్పుడూ అంతే, స్టార్క్‌లని పక్కన పెట్టి ఫారెస్టర్ అనే ఇంకో కుటుంబం కథ చెప్పారు.

ఎందుకలా? షోలో హీరో బతుకుతాడో చస్తాడో మనకి ముందే తెలుసు. తెలిసిన కథలో మన నిర్ణయానికి విలువేముంది? కాబట్టి నా రూల్ నంబర్ 1: ఆ ప్రపంచంలో కొత్త మనిషికి చోటుండాలి, లేదా పాత మనిషే రోజుకో కొత్త గొడవలో పడేవాడై ఉండాలి. రూల్ నంబర్ 2: ఆ షోలో టెన్షన్ ఫైట్ల నుంచి కాదు, మాటల నుంచి పుట్టాలి.

ఈ లెక్కలో నా ఫస్ట్ పిక్ 'ది ఫ్యామిలీ మ్యాన్'. తీసింది రాజ్, డీకే. ఇద్దరూ తిరుపతిలో ఇంజనీరింగ్ చదివిన మన తెలుగువాళ్లే. శ్రీకాంత్ తివారీ దేశాన్ని కాపాడే రహస్య ఉద్యోగం చేస్తుంటాడు, ఇంట్లో మాత్రం ఏదో మామూలు గవర్నమెంట్ ఆఫీసు ఫైళ్ల పని అని చెప్తాడు. దీన్ని షూటింగ్ గేమ్ చేస్తే వేస్ట్. నేనైతే అబద్ధాల గేమ్ చేస్తా. అనుమానితుడిని ఫాలో అవుతుంటే భార్య నుంచి ఫోన్. ఎత్తాలా, కట్ చేయాలా? ఎత్తితే ఏం చెప్పాలి? "మీటింగ్‌లో ఉన్నా" అన్నారనుకోండి, ఆ మాటని గేమ్ గుర్తుపెట్టుకుంటుంది. రెండు రోజుల తర్వాత డిన్నర్ దగ్గర పాప అడుగుతుంది: "నాన్నా, ఆ రోజు ఎక్కడున్నావ్?" అప్పుడు చెప్పిన అబద్ధం మీకు గుర్తుండాలి. లేకపోతే ఇంట్లో నమ్మకం తగ్గిపోతుంది. అందులో బాంబు కంటే ఆ డిన్నరే డేంజర్.

సెకండ్ పిక్, 'దూత'. 2023 డిసెంబర్‌లో వచ్చింది, విక్రమ్ కె కుమార్ డైరెక్షన్, నాగచైతన్య జర్నలిస్ట్. పాత పేపర్ ముక్క దొరుకుతుంది, జరగబోయే ఘోరం అందులో ముందే అచ్చయి ఉంటుంది. ఇది ఫోన్ గేమ్ కోసమే రాసినట్టుంది కదా! చిరిగిన ముక్కల్ని వేలితో జరిపి అతికించాలి, సగం వార్త నుంచి మిగతా సగం ఊహించాలి, టైమ్ అయిపోయేలోపు అక్కడికి చేరుకోవాలి. హీరో మాత్రం సాగర్ వద్దు, అతని కథ మనకి తెలిసిపోయింది. ఇంకో ఊళ్లో పొద్దున్నే పేపర్లు వేసే కుర్రాడిని పెట్టండి. వాడి మాట ఎవరూ నమ్మరు. ఆ వానలో సైకిల్ మీద పరిగెత్తేది వాడూ, మీరూ, ఇద్దరే.

థర్డ్... నవ్వకండి, 'అమృతం'. 2001లో జెమినీ టీవీలో మొదలైంది, ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తూనే ఉన్నాం. అడ్వెంచర్ గేమ్ అంటే భయం, చావు ఉండాలని రూల్ లేదు. 1990లో వచ్చిన 'మంకీ ఐలాండ్' పూర్తిగా కామెడీ. అందులో కత్తి యుద్ధం కూడా తిట్లతోనే గెలవాలి. ఎదుటివాడు ఒక వెటకారం విసిరితే దానికి సరిపోయే కౌంటర్ మీ దగ్గరుండాలి. ఇప్పుడు ఆ ప్లేస్‌లో ఇంటి ఓనర్ అప్పాజీని, అద్దె ఎగ్గొట్టాలని చూసే అమృతరావుని ఊహించుకోండి. పక్కన ఆంజనేయులు ఉచిత సలహాలు. అమృత విలాస్‌లో సర్వం. మామూలు గేమ్‌లో ప్లాన్ ఫెయిల్ అయితే గేమ్ ఓవర్. ఇక్కడ ప్లాన్ ఫెయిల్ అవ్వడమే జోక్. ఎంత ఘోరంగా ఫెయిల్ అయితే అంత మంచి సీన్ ఓపెన్ అవ్వాలి.

నాలుగోది జర్మన్ సిరీస్ 'డార్క్'. విండెన్ అనే చిన్న ఊరు, ఒక గుహ, 33 ఏళ్ల చక్రం. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ కథలో ఎవరేం చేసినా జరగాల్సింది జరుగుతుంది, మరి ప్లేయర్ నిర్ణయానికి పనేంటి? నా ఆన్సర్, నిర్ణయాలు వద్దు, పరిశోధన పెట్టండి. 2018లో 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' అని ఒక గేమ్ వచ్చింది, ఓడలో ఎవరెవరు ఎలా పోయారో మీరే కనిపెట్టి పుస్తకంలో నింపాలి. అలాగే విండెన్‌లో ఎవరు ఎవరికి తండ్రి, ఎవరు ఎవరి చిన్నప్పటి రూపం అని వంశవృక్షం నింపుతూ పోవాలి. సిరీస్ చూస్తూ పేపర్ మీద చార్ట్ గీసుకున్నవాళ్లు ఈ గేమ్ ఆల్రెడీ ఆడేసినట్టే.

"మరి 'బ్రేకింగ్ బ్యాడ్' ఏది అన్నా?" అంటారు, తెలుసు. నా ఫేవరెట్ షో అది, కానీ వాల్టర్‌గా ఆడే గేమ్ వద్దు. మొదటి సీజన్‌లోనే పాత స్నేహితుడు వైద్యం ఖర్చు భరిస్తానంటాడు. ప్లేయర్ "థాంక్స్" అని ఓకే చేస్తే? కథ అక్కడే ఖతం. ఆ మనిషి అహంకారమే ఆ కథ. దాన్ని మన చేతికిస్తే షో మిగలదు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే విషయం చెప్తాను. ఈ గేమ్స్‌లో జవాబు ఎంచుకోవడానికి కొన్ని సెకన్లే ఇస్తారు. మా చెల్లి 'వాకింగ్ డెడ్' ఆడుతూ నాలుగు ఇంగ్లిష్ లైన్లు చదివేలోపే టైమ్ అయిపోయేది. ఏమీ మాట్లాడనట్టు గేమ్ రాసుకునేది. ఆ పాపతో ఏం చెప్పాలో దానికి బాగా తెలుసు. చదివే స్పీడ్ చాలలేదు, అంతే. మనసుతో ఆడాల్సిన ఆటలో భాష వల్ల మూగవాళ్లం అవుతున్నాం. మన భాషలో ఇలాంటి గేమ్ వస్తే మా అమ్మ కూడా ఆడుతుంది, గ్యారంటీ.

పెద్ద కంపెనీలు చేస్తాయని కూర్చుంటే లాభం లేదు. టెల్‌టేలే 2018లో దాదాపు 250 మందిని ఒక్కసారి తీసేసి మూతపడింది. నెట్‌ఫ్లిక్స్ కూడా 'బ్యాండర్‌స్నాచ్' లాంటి ఇంటరాక్టివ్ కథల్ని తన యాప్‌లోంచి తీసేసింది. కానీ ట్వైన్ అనే ఫ్రీ టూల్ ఉంది. కోడింగ్ పెద్దగా రాకపోయినా, కథ రాసి, "ఇటు వెళ్తే ఇది, అటు వెళ్తే అది" అని లింకులు పెట్టొచ్చు. తెలుగులోనే రాయొచ్చు. పూర్తయ్యాక ఒక్క ఫైల్ వస్తుంది, ఫ్రెండ్స్‌కి పంపితే బ్రౌజర్‌లో ఓపెన్ చేసి ఆడతారు. షోల పేర్లు, పాత్రలు వాడుకుని అమ్మకండి, అవి వేరేవాళ్లవి. మీ ఊరు, మీ వీధి, మీ ఇంటి ఓనర్ చాలు.

మీ లిస్ట్‌లో ఏ షో ఉందో కామెంట్ పెట్టండి. పేరొక్కటే కాదు, అందులో ప్లేయర్ ఎవరు, వాడి ముందు పెట్టే మొదటి కష్టమైన నిర్ణయం ఏంటి, ఆ రెండూ రాయండి. బాగున్న ఒకదాన్ని తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో మొదటి సీన్ ఇక్కడే కలిసి రాద్దాం. ఉంటాను, బై.