సెలవు ముగించుకుని పోయేవారి మనవి

(సొసైటీ వార్షిక సమావేశంలో, గల్ఫ్ దేశాలనుండి సెలవుపై వచ్చిన సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సెలవుపై విశాఖ వచ్చిన మా బోటివాళ్ళం రేపో మాపో తిరుగు ప్రయాణం కాబోతున్నాం. పోయేముందు నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు కోరారు. మాకు ప్రసంగాలు చేతకావు. వెల్డింగు చేసేవాళ్ళం, బండ్లు తోలేవాళ్ళం. మా గోడు మేం చెప్పుకుంటాం, తప్పులుంటే మన్నించండి.

మనది రేవు పట్నం. 1933లో హార్బరు తెరిచింది మొదలు రాకపోకలు మనకు కొత్త కాదు. డాల్ఫిన్స్ నోస్ పక్కగా ఓడ లోపలికి వస్తుంటే దర్గా కొండమీద నిలబడి చూస్తూ పెరిగినవాళ్ళమే మేమంతా. ఒక కొండమీద ఇస్‌హాఖ్ మదీనా బాబా దర్గా, ఒకదానిమీద చర్చి, ఇంకొకదానిమీద వెంకటేశ్వరస్వామి కోవెల. ఏ దేశపు ఓడైనా ఆ మూడింటి ముందునుంచే పోవాలి. ఇప్పుడు మేం విమానంలో పోతున్నా, మనసులో మాత్రం ఆ కొండలు దాటాకే ఊరు దాటినట్టు లెక్క.

సెలవు ఎలా గడుస్తుందో మీకు తెలియనిది కాదు. మొదటి పది రోజులు చుట్టాలు, విందులు. తర్వాత ఇంటి కప్పు, చెల్లెలి పెళ్ళి మాటలు, పాత బాకీలు. వచ్చిన కొత్తలో తల్లి కొంగుచాటున దాక్కున్న పిల్లవాడు మా పక్కలో పడుకోవడం నేర్చుకునేసరికి టిక్కెట్టు తారీఖు వచ్చేస్తుంది. పెట్టె తూచి, బరువు ఎక్కువైందని అమ్మీ పెట్టిన పచ్చడి సీసా తీసేస్తాం. ఆమె ఏమీ అనదు. మళ్ళీ చాటుగా పెట్టేస్తుంది.

ఒక తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం. అక్కడి సంగతులు ఇంట్లో చెప్పం. ఎండ గురించి చెప్పం, జీతం ఆగిన నెల గురించి చెప్పం. బాధపడతారని దాస్తాం. మాతో గదిలో ఉన్న ఒక సోదరుడూ అలాగే దాచాడు. ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. రోజూ ఫోనులో మాట్లాడిన భార్యకు కంపెనీ పేరు కూడా తెలియదు. ఇంట్లో ఒక్క కాగితం నకలు లేదు. అన్నీ పోగుచేసి మట్టి ఇంటికి చేరేసరికి నెల దాటిపోయింది. ఆ నెల ఆ ఇల్లు ఎలా గడిచిందో మీలో కొందరు కళ్ళారా చూశారు.

అందుకే మా మనవి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, అక్కడి గుర్తింపు కార్డు, వీటి నకళ్ళు ఒకటి ఇంట్లో, ఒకటి సొసైటీ ఆఫీసులో ఉండాలి. మేం ఈసారి ఇచ్చే పోతున్నాం.

కొత్తగా పోదామనుకునే తమ్ముళ్ళకు రెండు మాటలు. పదో తరగతి పాసుకానివారు గల్ఫ్‌లో పనికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్సు ఉండాలి. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించాలి. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా అది. విజిట్ వీసామీద పంపి అక్కడ పని చూపిస్తామనే ఏజెంటును నమ్మితే ఈ రక్షణ ఏదీ ఉండదు. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ ముందే విచారించండి. చేతిలో ఒక పని నేర్చుకుని పోండి. ఉత్తచేతులతో పోయినవాడికి అక్కడ బరువులు మోయడమే మిగులుతుంది.

పెద్దలారా, డబ్బు మేం పంపగలం. జ్వరం వస్తే ముసలి తండ్రిని ఆసుపత్రికి తీసుకుపోలేం, జనాజాకు భుజం పట్టలేం. ఆ పనులు ఇన్నాళ్ళూ మీరే చేస్తున్నారు. ఆ రుణం చందాతో తీరేది కాదని మాకు తెలుసు.

మా ఇళ్ళు మీకు అప్పగించి పోతున్నాం. దుఆలో మమ్మల్ని మరువకండి. ఖుదా హాఫిజ్.