కరవునాటి కరుణ



కరుణ యను మాట పలుకుట సులభము, చేసి చూపుట కష్టము. క్రైస్తవుల లూకా సువార్తలో నొక కథ కలదు. దొంగలు కొట్టి దారిప్రక్క పడవేసిన బాటసారిని జూచి యాజకుడొకడు తొలగిపోయెను. లేవీయుడును తొలగిపోయెను. యూదులు పొత్తు పెట్టుకొనని సమరయ జాతివాడొకడు మాత్రము ఆగి, గాయములకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టుకట్టి, తన వాహనముపై నెక్కించి సత్రమునకు జేర్చెను. సత్రపువానికి రెండు దేనారములిచ్చి, ఎక్కువైనచో తిరిగి వచ్చునపుడు చెల్లింతుననెను. అతని మనసు కరగెనని కథలో నొక్కటే మాట. తక్కినదంతయు చేసిన పని, పెట్టిన వ్యయము.

మన తెలుగునేలపై ఇట్టి కరుణ ఒంగోలు సీమలో కనబడినది. అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో నివాసమేర్పరచుకొనెను. పిమ్మట 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని మహాక్షామము పీడించెను. పెద్దలు ధాత, ఈశ్వర సంవత్సరముల కరవని చెప్పుకొనునది ఇదియే. అప్పుడు ప్రభుత్వము కరవుపనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ పూర్వము భూమి కొలతపని చేసినవాడు. అతడు మూడున్నర మైళ్ల త్రవ్వకమును తానే కాంట్రాక్టు పుచ్చుకొని, తన బోధకులను మేస్త్రీలుగా నిలిపెను. ఆకలిగొన్నవారికి పని దొరకెను, పనికి కూలి దొరకెను. చేయి చాచి యాచింపవలసిన అవమానము తప్పెను.

ఆ దినములలో ననేకులు బాప్తిస్మము కోరిరి. కరవు సాయము సాగినంత కాలము క్లౌ ఇయ్యలేదు. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట పడరాదని అతని పట్టుదల. సాయము ముగిసిన పిదప, 1878 జులై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు మాదిగలు. లోకము ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొన్నది. తలపవలసినది మాత్రము దానికి ముందరి నిరీక్షణ. కరవున చేసిన మేలు వారి హృదయములను కదల్చి యుండవచ్చును. అది సహజము. అయినను అన్నము పెట్టిన చేయి ప్రతిఫలముగా ఆత్మను అడుగరాదని అతడెరిగెను.

ఈ ధర్మము ఒక్క మతమునకు చెందినది కాదు. భాగవతమున రంతిదేవుడు నలువది యెనిమిది దినములు పస్తుండి, దొరకిన అన్నమును అతిథులకు పంచి, మిగిలిన నీటిని సైతము దప్పిగొన్న పుల్కసునకు పోసెను. నీ కులమేది, నీవు నాకేమి చేతువని అడుగలేదు.

కాలువ త్రవ్వించు శక్తి అందరకు నుండదు. కాని చదువురానివానికి పింఛను దరఖాస్తు వ్రాసి పెట్టవచ్చును. జబ్బుపడిన పొరుగువానిని నర్సీపట్నం ఆసుపత్రికి చేర్చవచ్చును. కూలివానికి సాయంకాలమునకే కూలి లెక్కకట్టి యీయవచ్చును. ఈ గ్రంథాలయము ఇరువది యైదేండ్లుగా వచ్చినవారి కులమతములు అడుగక పుస్తకము చేతికిచ్చుచున్నది. ఆ యలవాటు గడప దాటి ప్రతి వీధికిని చేరినప్పుడే ఈ రజతోత్సవము సార్థకమగును.